తొమ్మిది కుల్లాయిలు

కువైట్‌లోని అబూ హలీఫాలో అరబ్బులకు దిష్‌దాషాలు, అంటే కాళ్లదాకా ఉండే అంగీలు కుట్టే దర్జీని నేను. పొద్దున లేస్తే తెల్లగుడ్డ, పొద్దుగూకితే తెల్లగుడ్డ. అట్లాంటి దుకాణానికి ఒకరోజు తెలుగు సంఘం సెక్రటరీ వచ్చినాడు. విజయనగర రాజుల కొలువు నాటకం వేస్తున్నారంట. రాజుకూ, ఎనిమిదిమంది కవులకూ మఖ్మల్ అంగీలు కావాలంట. ఆయప్ప ఇంజనీరు, గోదావరి మనిషి. రాజు వేషం ఎవరిదని అడిగే పనే లేదు, ఆయనదే.

"అంగీలు నువ్వు కుట్టు భాయ్. కిరీటాలు మా ఆవిడ అట్టలతో చేస్తోంది," అన్నాడు.

నోరు మూసుకోనుంటే పోయేది. "కవులకు కిరీటాలేంది సార్? ఆ కొలువులో రాజుతో సహా నిలువు కుల్లాయిలు పెట్టుకునేవాళ్లు. లేపాక్షి గుడి కప్పుమీద బొమ్మల్లో అట్లే ఉంది. మా నాయన గుడ్డలు అమ్మేదానికి హిందూపురం సంతకు పోతే, నేనూ వెంటపోయి, పక్కనే ఉండే ఆ గుడిలో మెడ పట్టేదాకా చూసినా," అన్నా.

సెక్రటరీ నవ్వినాడు. "ఈ ఊళ్లో టోపీలు చూసీ చూసీ నీకు అందరి నెత్తినా టోపీలే కనపడుతున్నాయి. కవుల సంగతి నీకెందుకు, కొలతలు తీసుకో."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. మాది రాయచోటి. ఆ రాజులు ఏలింది మా సీమను. ఆయప్ప ఊరినుంచి లేపాక్షికి రావాలంటే రెండు రైళ్లు మారాల. నాకు తెలీదంట. నా కుల్లాయి ఒక్క కవి నెత్తినైనా ఎక్కకపోతే నేను దర్జీనే కాదనుకున్నా. అంగీలకు పోను మిగిలిన మఖ్మల్‌కు, కాలర్లలో వేసే గట్టిగుడ్డ బక్రం వేసి, తొమ్మిదీ కుట్టి పెట్టుకున్నా.

నాటకం శుక్రవారం సాయంత్రం. జుమ్మా నమాజు చేసుకొని, కుల్లాయిల సంచీతో హాలుకు పోయినా. సెక్రటరీ కారు డిక్కీ తెరిచినాడు. కిరీటాలు పొద్దున్నుంచి దాంట్లోనే ఉండాయి. కువైట్ ఎండ సంగతి ఇంజనీరుకు నేను చెప్పాల్నా? గోందు కరిగి తొమ్మిదీ ఒకే ముద్దయినాయి. లోపల జనం కూర్చోనుండారు. ఆయప్ప మొగంలో కత్తివేటుకు నెత్తురుచుక్క లేదు. నాకు మాత్రం లోపల పండగే, అబద్ధమెందుకు.

"యల్లా సార్, పదండి, టైమయింది," అని సంచీ విప్పినా. ఆయప్ప కుల్లాయి పెట్టించుకునేదానికి తల వంచినాడు.

ఊరినుంచి వచ్చిన సెక్రటరీ నాయన ముందు వరసలో ఉండాడు. తెలుగు అయ్యవారుగా చేసి రిటైరైన మనిషి. నాటకం అయినాక స్టేజీ ఎక్కినాడు. "మీ పద్యాల్లో తప్పులు ఎంచడం సగంలోనే మానేశాను," అన్నాడు. "వేషం మాత్రం సరిగ్గా ఉంది. ఆ రాజులకు గుర్రాలు ఈ సముద్రం మీదనుంచే వెళ్లేవి. ఇలాంటి అంగీలు, టోపీలు కూడా ఆ రాకపోకల వల్లే కొలువుకెక్కాయి. ఇది మీలో ఎవరికి తెలుసురా?"

"అందరం కూర్చుని ఆలోచించి..." అని మొదలుపెట్టిన సెక్రటరీ, తెర పక్కనున్న నన్ను చూసి ఆగినాడు. "దర్జీ భాయ్‌కి తెలుసు నాన్నగారూ. చెబితే నేనే నవ్వాను," అన్నాడు.

ఆయప్పను కడిగిపారేయాలని ఎన్నో రోజులుగా మాటలు కూర్చుకోనుండా. ఇప్పుడు వాటితో పనే లేకపోయింది. పెద్దాయన నన్ను పిలిచి కవుల వరసలో కూర్చోమన్నాడు. కూర్చున్నా. సెక్రటరీ తన కుల్లాయి తీసి నా నెత్తిన పెట్టినాడు. ఆయప్ప తల పెద్దది, అది నా ముక్కుదాకా దిగింది. మంచిదే అయింది, నేను ఏడుస్తాండేది ఎవరికీ కనపడలే.