తడి మళ్ల మీద గాలి లేవదు

మా ఎల్లారెడ్డి పొలాలన్నీ నీళ్లలో నానుతున్న కాలంలో కూడా, ఇక్కడ గాలి బాగా లేస్తుందని రోజూ పొద్దున రాశారు. అది తప్పు. దిద్దమని కోతల దాకా అడుగుతూనే ఉన్నాను.

రాసేది నగరంలో ఉండే ఒక కుర్రవాడు. ఇంజను లేని గుడ్డ రెక్కలతో ఎగిరేవాళ్ల గుంపు ఒకటి ఉంది. వాళ్లకు ఫోన్లో వాతావరణం చెబుతాడు. సెలవు రోజుల్లో వాళ్లు కామారెడ్డి అవతల బీడు నేలల్లో జీపుకు తాడు కట్టుకుని పైకి లేస్తారు. తాడు వదిలాక వాళ్లను మోసేది కాగిన నేల మీంచి లేచే వేడిగాలే. గద్దలు రెక్క ఆడించకుండా తిరిగేది దాని మీదే. అది ఎంత ఎత్తుకు లేస్తుంది, పైన గాలి ఎటు వీస్తుంది, మబ్బు ఎక్కడ కడుతుంది, ఇవన్నీ పొద్దున్నే వస్తాయి. జిల్లా అంతటికీ ఒకటే మాట.

నేను ఐదో తరగతితో బడి మానినవాణ్ణి. పడుచుతనంలో ఒకసారి మహమ్మద్‌నగర్ దగ్గర జొన్నచేలో తెల్ల డబ్బా ఒకటి పడింది, చిరిగిన రబ్బరు బుడగతో సహా. బాంబని ఊరంతా దూరంగా నిలబడింది. ఠాణా జవాను కర్రతో పొడిచి చూసి, "ఏం లేదు, పైన చలెంత, గాలెంత అని చూసే డబ్బా. పోండ్రి ఇండ్లకు" అన్నాడు. ఆ మాట నన్ను పట్టుకుంది. కామారెడ్డిలో తూకానికి అమ్మే పాత పుస్తకాలు కొని, కూడబలుక్కుంటూ చదివాను. కుర్రవాడు నమ్ముకునేది నగరంలో వదిలే అలాంటి బుడగనే; అది పైగాలి సంగతే చెబుతుంది. ఇక్కడి నేల తడిగా ఉందో ఎండిందో దానికేం తెలుసు? యాసంగిలో, అంటే చలికాలం పంటకు, కాలువ వదిలితే మా వైపంతా వరి. మడిలో నీళ్లుంటే ఎండంతా ఆ నీళ్లకే సరిపోతుంది. గాలి లేవదు.

వరి పొట్ట మీదున్నప్పుడు, ఆ కుర్రవాడి కబురు నమ్మి పడమటికి వచ్చిన ఒకాయన గాలి దొరక్క మా పక్క పొలంలో దిగాడు. ఆ పొలం నాకు చెల్లెలి వరసయ్యే ఆమెది. భర్త గల్ఫులో ఉన్నాడు, సేద్యం ఆమె ఒక్కతే చేస్తుంది. ఆ మడి వడ్లే వాళ్లింటికి ఏడాది తిండి. దిగినవాడు తొక్కింది కొంచెమే. వాణ్ణి చూడటానికి ఉరికొచ్చిన జనం సగం మడి తొక్కారు. "ఫొటో దిగుతం, జెర జరుగవ్వా" అని ఆమెనే పక్కకు జరిపారు.

దిగినాయన మర్యాదస్తుడే. నేను గాలి సంగతి ఎత్తితే ఆశ్చర్యపోయి నా నంబరు కూడా ఫోన్లో వాళ్ల గుంపులో కలిపాడు. ఇక రోజూ రాశాను: ఇటు వరి ఉంది, గాలి లేవదు, కోతలయ్యేదాకా రావద్దని చెప్పండి. ఎవరో ఒకరు దండం బొమ్మ పెట్టేవారు. అంతే.

చెల్లె నా రాతలను నమ్ముకోలేదు. మిగిలిన సగమైనా దక్కాలని మడి నడుమ పొడుగాటి వెదురు పాతి, పాత ఎర్రచీర చింపి కట్టింది.

"ఎర్రది చూస్తే ఆగుతరన్నా. రైలే ఆగుతది, వీళ్లెంత?"

"రైలుకు పట్టాలుంటయ్ చెల్లె" అన్నాను.

తర్వాతి ఆదివారం ఇంకొకడు మా నెత్తి మీదికి వచ్చాడు. గాలి కోసం తిరిగి తిరిగి, దొరక్క, నేరుగా ఆ చీర దగ్గరే దిగాడు. మళ్లీ జనం. చెల్లె కొడవలి పట్టుకుని ఉరికింది.

"కండ్లు లేవా నీకు? ఎర్రగుడ్డ కనబడ్తలేదా?"

"కనబడ్డదనే వచ్చినక్కా" అన్నాడు వాడు, మోకాలి లోతు బురదలోంచి. "గాలి ఎటుందో తెలువాలని దిగే జాగల గిట్లనే గుడ్డ కడ్తరు. ఎవరో పుణ్యాత్ములు మాకోసమే కట్టిండ్రనుకున్న."

చెల్లె కొడవలి దించింది. "విన్నవా అన్నా? నేనే పిలుచుకున్ననట."

ఆ పూటే మళ్లీ రాశాను. ఆ తర్వాతా రాశాను. రోజూ మధ్యాహ్నం మెడ పట్టేసేలా పైకి చూసి, ఇవాళ కూడా మా మీద ఒక్క గద్ద తిరగలేదని రాశాను. చెప్పీ చెప్పీ నాకే విసుగొచ్చింది. కోత మిషను వచ్చి మిగిలిన నాలుగు గింజలు రాల్చిపోయింది. ఈ ఏడు వాళ్లింట్లో కంట్రోలు బియ్యమే.

కాలువ నీళ్లు కట్టేశారు. మళ్లు నెర్రెలు బారాయి. ఎండలు ముదిరి, గద్దలు మళ్లీ మా ఊరి మీద తిరగడం మొదలుపెట్టాయి. అప్పుడొచ్చింది ఆ కుర్రవాడి జవాబు:

"తాతా, మీ మెసేజులన్నీ చూసిన. లేటయింది, ఏమనుకోవద్దు. మీరు అన్నిసార్లు చెప్పిండ్రు కదా, చూద్దామని నిన్న నేనే ఎల్లారెడ్డి మీదికి వచ్చిన. గాలి మస్తు లేసింది, గద్దలతోటి కలిసి తిరిగిన. మా రిపోర్టుల తప్పేం లేదు తాతా."