వంచి చూసిన బోల్టు

మొన్న ఆదివారం మా కోడలు ఇత్తడి బిందెకు చింతపండు పట్టించి కొబ్బరిపీచుతో తోముతుంటే ఆ పుల్లటి వాసన వంటింట్లోంచి వరండాలోకి వచ్చింది. తాగుతున్న టీ కింద పెట్టేసి లేచి నిలబడ్డాను. ఏమైందత్తయ్యా అని ఆమె అడిగేలోపే వాకిట్లోకి వచ్చేశాను. ఇన్నేళ్ళయినా ఆ వాసన తగిలితే కూర్చున్నచోట ఉండలేను.

మేం పోర్ట్ బ్లెయిర్లో, షాదీపూర్ వైపు, చెక్కగోడల రేకుల ఇంట్లో ఉండేవాళ్ళం. వానపడితే పక్కనున్నవాళ్ళ మాట వినపడేది కాదు. ఆ మోతలో మేము సముద్రం ఊరికే ఇచ్చిన గవ్వలతో ఆడుకుంటుంటే, మా నాన్నమ్మ నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగుతూ, సందు మలుపులో పాస్టరుగారి గొడుగు కనపడగానే చుట్టను చూరులో దోపి, నోట్లోంచి పొగ వస్తుండగానే వందనాలు చెప్పేది. వానలు వెనకబట్టాక చర్చిలో కోతపండుగ వచ్చేది. బూరెలు, కొబ్బరి లౌజు, చేపల పులుసు, వేలంపాటలో కాళ్ళు కట్టేసిన కోళ్ళ గోల, అన్నీ ఆ రోజే.

నాన్న పడవలు బాగుచేసే షెడ్డులో మిస్త్రీ. ఏ లోహాన్నీ మాట మీద నమ్మిన మనిషి కాదు. కొత్త చువ్వలొచ్చినా, రెండు లోహాలు కలిపి పోతపోసిన కడ్డీలొచ్చినా, అందులో ఒకదాన్ని వైసు ఇనప దవడల మధ్య బిగించి, పైన పైపు తొడిగి, మెల్లగా కొడవలిలా వంచి, వంపు వెలుపలి అంచు మీద గోటితో రాసి చీలిక ఉందేమో చూసేవాడు. వంచినది ఇక పనికిరాదు, దాని సాక్ష్యం మీదే మిగతావి వాడాలి. అమ్మ కొత్త గరిటె కొంటే, ఎక్కడ వంచి చూస్తాడోనని బియ్యం డబ్బాలో దాచేది.

అమ్మ తమ్ముడు యేసురత్నం మావయ్య ఆ ఏడు ఒక పాత ఇంజను డోంగీ కొన్నాడు. పడవను మా దగ్గర డోంగీ అనేవారు. దాని పలకలన్నీ ఇత్తడి బోల్టులతో బిగించినవి. కోతపండుగకు ఆవలి ఒడ్డు రైతులిచ్చే గుమ్మడికాయలు, అరటిగెలలు తెచ్చే పని తనదేనని పాస్టరుగారి దగ్గర మాట తీసుకున్నాడు. పండుగ ముందు ఇంటింటా ఇత్తడి తోమడం మా సంఘంలో ఆనవాయితీ. దేవుడి ప్రథమ ఫలాలు ఎక్కే పడవ కదా అని, సముద్రం వెనక్కి తగ్గి డోంగీ ఇసుకలో ఒరిగినప్పుడు, అమ్మా నేనూ సంఘం ఆడవాళ్ళూ కలిసి దాని బోల్టుల తలలు కూడా చింతపండుతో తోమాం. పై వరసవి పసుపుపచ్చగా తేలాయి. ఎప్పుడూ నీళ్ళలో మునిగి ఉండేవి మాత్రం ఎర్రగా, కొత్త రాగిచెంబులా మెరిశాయి. రాగి పాలు ఎక్కువున్న మేలైన సరుకని అందరం సంబరపడ్డాం.

బావ చూడందే డోంగీ దింపనన్నాడు మావయ్య. షెడ్డులో పని వదిలి రాలేను, ఒక బోల్టు ఊడదీసి పంపండని నాన్న కబురు చేశాడు. మావయ్య ఎర్రదానికి పానా పెట్టాడు. అమ్మ ఆపింది.

"ఒరే, అది అచ్ఛా మాల్ రా. ఒంచితే ఖరాబైపోద్ది. మీదున్న పసుపుది తియ్యి. అదే నిలబడితే ఇయ్యి నిలబడవేటి?"

ఎవరికైనా సబబనిపించే మాటే. ఎర్రవి ఉన్నాయని తెలియని నాన్న ఆ పసుపు బోల్టును వంచాడు, వెంట్రుకవాసి చీలిక కూడా రాలేదు. మావయ్య ఆ వంకర బోల్టును వేలికి తగిలించుకుని వీధంతా తిప్పాడు.

మర్నాడు మధ్యాహ్నం పిల్లలమంతా ఒడ్డున నిలబడి పాటలు పాడుతున్నాం. గుమ్మడికాయలతో నిండిన డోంగీ కళ్ళ ముందే వస్తోంది. గాలి లేదు, అల లేదు. ఉన్నట్టుండి ముందు భాగం వంగింది, అంతే, పడవ లేదు. మా నోట్లో పాట ఇంకా ఉంది. ముందు గుమ్మడికాయలు ఒడ్డుకొచ్చాయి, తర్వాత మావయ్యతో వెళ్ళిన ఇద్దరూ ఈదుకుంటూ వచ్చారు. మావయ్య రాలేదు. ఏడవాలని కూడా నాకు తోచలేదు, కొట్టుకొచ్చిన గుమ్మడికాయలను ఒకచోట పేరుస్తూ ఉండిపోయాను.

కింద ఏదో తగిలినట్టు చప్పుడైందని మాత్రం ఆ ఇద్దరూ చెప్పారు.

పలకలు బయటికి లాగాక, నాన్నకు అన్నం క్యారేజీ పట్టుకుని షెడ్డుకు వెళ్ళాను. ఆయన ఒక ఎర్ర బోల్టును వైసులో బిగిస్తున్నాడు. వంచబోతే అది వంగలేదు, రస్కు ముక్కలా పుటుక్కున విరిగింది. లోపల నడిమి దాకా ఎర్రటి పొడి. ఉప్పునీరు ఏళ్ళ తరబడి ఇత్తడిలోని జింకును తినేస్తే మిగిలే రాగి గుల్ల అది. మేం మురిసిపోయిన ఆ ఎరుపు చచ్చిన ఇత్తడి రంగు. నాన్న విరిగిన రెండు ముక్కలనూ బల్ల మీద పక్కపక్కన పెట్టాడు.

"నాను వంచింది పడవలో నేదు. పడవలో ఉన్నది నాను వంచనేదు. మీ అమ్మకి సెప్పకు."

ఆ సాయంత్రమే, డోంగీకి కింద రాయి తగిలిందని ఆయన అందరికీ చెప్పాడు. అమ్మ బతికినన్నాళ్ళూ జెట్టీ మీదికి వెళ్ళినప్పుడల్లా ఆ రాయిని శపించింది. ఆమె పోయేదాకా నేనూ నోరు విప్పలేదు.

ఇప్పుడా షెడ్డు లేదు, చెక్క డోంగీలు లేవు. కోతపండుగ సరుకు వ్యానులో వస్తుంది, పిల్లలు తెలుగు పాటలను హిందీ అక్షరాల్లో రాసుకుని పాడతారు. పోయిన నెల ఆవలి ఒడ్డుకు వెళ్తుంటే, నేనెక్కిన ఫైబరు పడవ సాఫీ నీళ్ళలో ఉన్నట్టుండి పక్కకు తిరిగింది. ఎందుకని అడిగాను. కింద పెద్ద పత్థర్ ఉందమ్మా, మా తాతల నాటి నుంచి ఇక్కడ అందరం తిప్పే పోతాం అన్నాడు నడిపే మనిషి. నేను నీళ్ళలోకి చూస్తూ కూర్చున్నాను. అక్కడ రాయి లేదు.