ఏడో కుండీలో తెల్లపూలు

ఆ రోజుల్లో, అంటే రెండువేల నాలుగైదు ప్రాంతంలో, బయోటెక్నాలజీ చదివేవాళ్లకు కాళ్లు నేల మీద ఆనేవి కావు. నాకైతే మరీ. మా ఊరు మురుంగపాక్కం నుంచి టౌనుకు బస్సెక్కితే, పక్క సీటులో కూర్చున్న పాపానికి ఎవరో ఒకరికి యాంటీసెన్స్ గురించి చెప్పిగానీ దిగేదాన్ని కాదు. పువ్వుకు రంగు తయారుచేయమని జన్యువు ఒక ఆదేశం రాసి పంపుతుంది. దానికి సరిగ్గా జతపడే ఎదురు ప్రతిని మనం కణంలోకి ఎక్కిస్తే రెండూ అతుక్కుపోతాయి. ఇక ఆ ఆదేశాన్ని చదివే దిక్కుండదు, ఊదారంగు పువ్వు తెల్లగా పూస్తుంది. జన్యువు ఉన్నచోటే ఉంటుంది, దాని మాటే చెల్లదు. ఇదంతా వివరిస్తే మా అమ్మ కూర తరుగుతూనే, "దీనికి ఎమ్మెస్సీ ఏందికే? మీ అవ్వ ఉండినన్నాళ్లూ ఈ ఇంట్లో నా మాట అట్టనే ఉండింది" అంది. (ఆవిడకు సైన్సు తెలీదని జాలిపడ్డాను. నాకంటే బాగా అర్థమైందని ఇప్పుడు తెలుస్తోంది.)

పది కుండీల్లో పెటూనియా పూలమొక్కలకు ఆ ఎదురు ప్రతి ఎక్కించాను. పదీ సిగ్గులేకుండా ఊదారంగులోనే పూశాయి. మా గైడు సార్ గొప్పతనమేమిటంటే, ప్రయోగం మొదలుకాకముందే ఫలితం ఆయనకు తెలిసిపోయేది. తెల్లపువ్వు చూడందే థీసిస్ మీద సంతకం పెట్టనని తేల్చేశారు. సోమవారం వైవా. సంతకం లేకపోతే రెండేళ్ల చదువు గోవిందా. శుక్రవారం గ్రీన్‌హౌస్‌లో కూర్చుని ఏడ్చాను. అక్కడ మొక్కలకు నీళ్లుపోసే దినకూలీ, మేమంతా అత్త అని పిలిచే ఆమె (అరియాంకుప్పం మనిషి, మాలాగే బయట తమిళం, ఇంట్లో తెలుగు) నా పక్కన నిలబడి, "యాడన్నా పువ్వు కోసరం ఏడుస్తారా పాపా" అంది.

సోమవారం పొద్దున చూస్తే ఏడో కుండీ నిండా తెల్లపూలు. సంతోషంతో దగ్గరికి వెళ్లాను. మా మొక్కలన్నీ కొబ్బరిపొట్టులో పెరిగినవి. ఏడో కుండీలో మాత్రం ఎర్రమట్టి ఉంది. చూశాను. చూసి, పక్క కుండీలోంచి గుప్పెడు పొట్టు తీసి పైన చల్లి, సార్‌ను పిలుచుకొచ్చాను. ఆయన ఒక్క క్షణం కూడా అనుమానపడలేదు. ఫొటోలు తీయించుకున్నారు. హైదరాబాదు నుంచి వచ్చిన ఎగ్జామినర్ మేడమ్‌కు తన పద్ధతి ఎంత గొప్పదో అరగంట చెప్పారు. ఆవిడ ఓపిగ్గా విని, కుండీలో వేలుపెట్టి, ఎర్రగా అయిన ఆ వేలిని మాకు చూపించారు.

తలుపు దగ్గర నిలబడ్డ అత్తే చెప్పింది. "అది నేను పెట్టిందేమ్మా. పాప ఏడస్తా ఉంటే చూడలేక మా ఊరి నర్సరీలో కొనుక్కొచ్చినా. సార్ అడిగింది తెల్లపువ్వే కదా."

సార్ మొహం చూడాల్సిందే. అరగంట కిందటి శాస్త్రవేత్త ఏమయ్యాడో ఏమో, "చదువు సంధ్యా లేని మనిషివి, రేపట్నుంచి పనిలోకి రావద్దు" అని ఆమె మీద పడ్డారు. అత్త నా వైపు చూడనైనా లేదు. అది నాకు భరించరానిదైంది. "మట్టి చూసి పొట్టు చల్లింది నేను సార్" అన్నాను.

మేడమ్ చేయి తుడుచుకుంటూ, "మిగతా తొమ్మిది ఊదాపూలే నీ ఫలితం. ఎందుకు తెల్లబడలేదో రాసుకుని ఆరునెలల తర్వాత రా" అన్నారు. అత్తను మాన్పించవద్దని సార్‌కు గట్టిగానే చెప్పి వెళ్లారు. అలా అత్తకు పని నిలిచింది, నాకు సెకండ్ క్లాసు వచ్చింది.

సెకండ్ క్లాసు ఎందుకొచ్చిందని ఇప్పటికీ ఎవరైనా అడిగితే ఈ కథ మొదలుపెడతాను. సార్ డాబు గురించి పావుగంట చెప్తాను, వినేవాళ్లు పగలబడి నవ్వుతారు. ఆ గుప్పెడు పొట్టు దగ్గరికి వచ్చేసరికి మాత్రం, ఇన్నేళ్లయినా, కాఫీ చల్లారిపోతోందని లేస్తాను. ఇవాళ కాగితం మీద కాబట్టి లేవలేకపోయాను.