లేని పిల్లికి పెట్టిన పేరు

మొన్న ఆదివారం మేడ్చల్ చౌరస్తా దగ్గర చేపలమ్మే ఆవిడ, నేను కొన్న బొచ్చె చేపకు పొలుసు తీసి, తల వేరుచేసి, ఆ తలను అలవాటుగా పక్కనున్న బకెట్లో వెయ్యబోయింది. నేను చెయ్యి అడ్డం పెట్టి, అది కూడా కట్టమ్మా అన్నాను. ఆవిడ నా చేతిలోని చిన్న సంచీ వైపు ఒకసారి, నా మొహం వైపు ఒకసారి చూసింది.

"పిల్లి గిట్ల ఉన్నదా సారూ ఇంట్ల? గీ కాలనీలోల్లంత తలకాయలు ఈడనే ఇడిసిపెట్టి పోతరు."

అడగడంలో తప్పేమీ లేదు. కానీ ఇదే ప్రశ్నను, ఇలాంటి బకెట్ పక్కనే నిలబడి, నలభై ఏళ్ళ కిందట ఎక్కడో స్కాట్లాండ్‌లో మరొక చేపలావిడ నన్ను అడిగింది. ఆ రోజు నేను చెప్పిన జవాబు నన్ను ఎన్ని తిప్పలు పెట్టిందో ఒక్కసారిగా గుర్తొచ్చింది.

మాది శామీర్‌పేట. చెరువును నమ్ముకుని బతికిన ఇల్లు. నాయిన వల వేసి వచ్చాక అమ్మకానికి పోగా మిగిలిన చేప ఇంట్లో వండితే, అందులో తలకాయ ఎవరిదన్న సందేహం ఎవరికీ ఉండేది కాదు. అది ఇంటికి పెద్ద అయిన మనిషిది. తాత పోయిన తర్వాత ఆ పెద్దరికం అవ్వకు వచ్చింది. గిన్నె దించగానే అమ్మ ముందుగా తలకాయను అవ్వ కంచంలో పెట్టేది, అవ్వ గోడకు ఆనుకుని కూర్చుని, ఒక్కొక్క ఎముకను విడదీసి, సందుల్లోని మెత్తని కండను వేళ్ళతో తీసుకుంటూ, ఎవరితోనూ మాట్లాడకుండా తినేది. మేము పిల్లలం ముక్కల కోసం కొట్టుకునేవాళ్ళమే గాని, ఆ తలకాయ వైపు కన్నెత్తి చూసినవాళ్ళం కాదు. మా ఇళ్ళల్లో మరొక పట్టింపు కూడా ఉండేది. చేపను అమ్ముతాం, లేదా ఊరికే ఇస్తాం, అంతే తప్ప ఊరికే తీసుకోము. చేపలవాడు చేప అడుక్కున్నాడంటే అంతకు మించిన తలవంపు లేదని నాయిన అనేవాడు.

చేపలు పట్టే ఇంట్లోంచి వచ్చి చేపల గురించే చదువుకున్నానని కాబోలు, కొత్తగా ఉద్యోగంలో చేరిన నన్ను చేపలకు వచ్చే జబ్బుల గురించి ఏడాదిన్నర చదువుకు స్కాట్లాండ్‌కు పంపించారు. బయల్దేరే రోజున అమ్మ చేపల పులుసు వండింది. అవ్వ తన కంచంలో పెట్టిన తలకాయను తీసి నా కంచంలో పెట్టింది. నేను వద్దంటే వినలేదు.

"దూరం బోతున్నవు బిడ్డా. ఆడ నీకు నువ్వే పెద్దోనివి. తిను."

అప్పుడు నేను ఆ మాటను అంతగా పట్టించుకోలేదు, గబగబా తినేసి బస్సు అందుకునే హడావుడిలో పడ్డాను.

అక్కడ నాకు ఒక చిన్న గది దొరికింది, దానికి పక్క గదులవాళ్ళు నలుగురితో ఉమ్మడి వంటిల్లు. వచ్చే ఫెలోషిప్ గదికి, బస్సుకు, పుస్తకాలకు పోను తిండికి మిగిలేది అంతంత మాత్రం. మొదటి నెల రొట్టె, ఉడికించిన ఆలుగడ్డ, ఉల్లిగడ్డ తప్ప మరొకటి తిన్న గుర్తు లేదు. ఇంటి నుంచి తీసుకెళ్ళిన కారం డబ్బాను పొదుపుగా చెంచా మొనతో వాడేవాణ్ణి, చింతపండు అయితే రెండు నెలలకే అయిపోయింది. తరువాత అక్కడి పెరళ్ళలో ఎర్రటి కాడలతో పెరిగే రూబార్బ్ అనే మొక్క ఒకటి ఉందని, దాని ఆకులు తినకూడదు గాని కాడలు మన చుక్కకూరలాగా పుల్లగా ఉంటాయని తెలిశాక ప్రాణం లేచొచ్చింది. ఆ కాడలు ఉడికించి పులుసు పెట్టుకున్నవాడు మన జిల్లాలో నేనొక్కణ్ణేనేమో.

కానీ పులుసులోకి చేప ఏది? పగలంతా కాలేజీలో సూక్ష్మదర్శిని కింద చేపల మొప్పలు చూసేవాణ్ణి, సాయంత్రం గదికి వచ్చి ఉత్త ఆలుగడ్డలు తినేవాణ్ణి. రేవు దారిలో ఒక చేపల దుకాణం ఉండేది. అరవై దాటిన ఆవిడ ఒక్కతే నడిపేది. అక్కడివాళ్ళకు ముల్లు కనపడకూడదు, తల అసలే కనపడకూడదు. అందుకని ఆవిడ కండ మాత్రం చెక్కి పళ్ళెంలో పేర్చి, తలలన్నీ కింద బకెట్లో పడేసేది. నేను కొన్నాళ్ళు ఆ అద్దం ముందు నుంచి నడిచి వెళ్ళిపోయాను. ఒక శుక్రవారం ఉండబట్టలేక లోపలికి వెళ్ళి, ఆ బకెట్ వైపు చూపించి, అందులోవి రెండు కావాలని అడిగాను. ఆవిడ నవ్వి, పిల్లి కోసమా అంది. నాయిన మాట గుర్తొచ్చింది. చేపలవాడి కొడుకు చెత్తబకెట్లోది అడుక్కుని తింటున్నాడని నా నోటితో నేను ఎలా చెప్పను? అవునండీ, పిల్లి కోసమే అన్నాను. ఆవిడ మూడు తలలు కాగితంలో చుట్టి ఇచ్చింది, ఎంతని అడిగితే పిల్లి తిండికి డబ్బు తీసుకోనని చెయ్యి ఊపింది.

ఆ సాయంత్రం పక్క గదులవాళ్ళంతా బయటికి వెళ్ళేదాకా ఆగి, కిటికీలు తెరిచి వండుకున్నాను. సముద్రపు చేప, మన చెరువు మట్టి వాసన దానికి ఎక్కడి నుంచి వస్తుంది! అయినా కడుపు నిండింది. గోడకు ఆనుకుని కూర్చుని ఎముకలు విడదీస్తుంటే నా చేతులు అచ్చం అవ్వ చేతుల్లా కదలడం చూసి నవ్వు వచ్చింది, ఆ తరువాత గదిలో ఎవరూ లేరన్న సంగతి కూడా తెలిసొచ్చింది.

మరుసటి శుక్రవారం ఆవిడ పిల్లి పేరేమిటని అడిగింది. అది నేను ఊహించని ప్రశ్న. తలకాయ తినేది ఎవరంటే నా మనసులో మెదిలే మనిషి ఒక్కతే, అందుకే అవ్వ అనేశాను. ఆవిడ రెండుసార్లు పలికి చూసుకుని, ముద్దుగా ఉంది పేరు అంది. ఇక అక్కణ్ణుంచి ప్రతి శుక్రవారం తలుపు తియ్యగానే ఆవిడ మొదట అడిగేది, అవ్వ ఎలా ఉంది అని. చలికి ఇబ్బంది పడుతోందా, కిందటి వారం ఇచ్చింది ఇష్టంగా తిన్నదా అని. నేను మా అవ్వను తలుచుకుని నిజాలే చెప్పేవాణ్ణి. పెద్దదైపోయిందండీ, మోకాళ్ళు పట్టేస్తాయి, గుమ్మంలోనే కూర్చుంటుంది, ఎవరినీ దగ్గరకు రానివ్వదు గాని నేనంటే ప్రాణం. ఆవిడ తల ఆడిస్తూ వినేది.

నా తరంవాళ్ళకు చెప్పక్కర్లేదు, ఇంటికి ఫోన్ చెయ్యడమన్న మాటే లేని రోజులవి. ఉత్తరం పోవడానికి పన్నెండు రోజులు, రావడానికి మరో పన్నెండు. తరగతిలో మంచివాళ్ళే ఉండేవారు, కానీ వాళ్ళ పలకరింపు వాతావరణం దగ్గర మొదలై వాతావరణం దగ్గరే ముగిసేది. మొత్తం ఆ దేశంలో మా అవ్వ పేరు పలికి, ఆమె ఎలా ఉందని అడిగే మనిషి ఆవిడ ఒక్కతే. అందుకే నిజం చెప్పేద్దామని ఎన్నోసార్లు గడప దాకా వెళ్ళి కూడా చెప్పలేకపోయాను. చెబితే ఆ ప్రశ్న ఆగిపోతుందన్న భయం. తలకాయల కోసం మొదలైన అబద్ధాన్ని చివరికి ఆ ఒక్క ప్రశ్న కోసం మోస్తూ వచ్చాను.

చలికాలం చివర్లో పెదనాయిన కొడుకు చేతిరాతతో ఉత్తరం వచ్చింది. అవ్వ కాలం చేసిందని, దినాలు కూడా అయిపోయాయని, చదువు మధ్యలో రావద్దని నాయిన చెప్పమన్నాడని రాశాడు. నేను ఆ ఉత్తరం చదువుతున్న రోజుకు అవ్వ పోయి ఇరవై మూడు రోజులు. ఆ ఇరవై మూడు రోజుల్లో మూడు శుక్రవారాలు ఆవిడకు అవ్వ బాగుందనే చెప్పాను.

ఆ శుక్రవారం మామూలుగా వెళ్ళాను. అవ్వ ఎలా ఉందని ఆవిడ అడిగింది. అవ్వ పోయిందండీ అన్నాను.

ఆవిడ కత్తి పక్కన పెట్టి, చేతులు కడుక్కుని, దుకాణం తలుపుకున్న పలకను 'మూసి ఉంది' అన్న వైపుకు తిప్పి, నన్ను వెనక గదిలో కూర్చోబెట్టి టీ చేసింది. బాధ పడిందా అని అడిగింది. తెలియదండీ, నేను దగ్గర లేను అన్నాను. నా భుజం మీద చెయ్యి వేసింది. ఆ చేతికి చేపల వాసన, మా ఇంట్లో అందరి చేతులకూ ఉండే వాసన. ఉత్తరం వచ్చినప్పుడు రాని ఏడుపు అప్పుడు వచ్చింది. ఒక పిల్లి కోసం అంతగా ఏడ్చే మనిషిని చూసి ఆవిడ ఏమనుకుందో గాని, నా పక్కనే కూర్చుంది.

తరువాత గాని నాకు ఒక సంగతి తట్టలేదు. పిల్లి పోయాక ఇక తలకాయలు అడగడానికి మొహం లేదు. ఆ దారి మానేసి చుట్టూ తిరిగి కాలేజీకి వెళ్ళడం మొదలుపెట్టాను. మళ్ళీ రొట్టె, మళ్ళీ ఆలుగడ్డ. ఆకలి సంగతి సరే, శుక్రవారం సాయంత్రం గడవడమే కష్టంగా ఉండేది. నెల రోజుల తరువాత వాన తప్పించుకుంటూ పొరపాటున ఆ వీధిలోకి వెళ్తే ఆవిడ గబగబా బయటికి వచ్చి నా చెయ్యి పట్టి లోపలికి లాక్కెళ్ళింది. వెనక గదిలో ఒక అట్టపెట్టెలో, పాత ఉన్ని గుడ్డ మీద, బూడిదరంగు పిల్లికూన పడుకుని ఉంది. నీ కోసమే తెచ్చి మూడు వారాలుగా చూస్తున్నాను, ఎక్కడికి పోయావు అని అడిగింది.

ఇక దాచడం నా వల్ల కాలేదు. పిల్లి ఎప్పుడూ లేదని, ఆ తలలన్నీ నేనే తిన్నానని, అవ్వ అంటే మా నాయినను కన్నతల్లి అని తల దించుకుని చెప్పేశాను. ఆవిడ వంగి అట్టపెట్టెలోని ఉన్ని గుడ్డను సర్దింది. కోపం వచ్చిందనే అనుకున్నాను.

"ముందే చెబితే నీకు మంచి ముక్కే ఇచ్చేదాన్ని కదా," అంది చివరికి.

మంచి ముక్క ఇదేనండీ, మా ఇళ్ళల్లో పెద్దవాళ్ళకు పెట్టేది ఇదే అని చెప్పాను. ఆవిడ పిల్లికూనను ఒళ్ళోకి తీసుకుని, నా వైపు చూసి అడిగింది.

"అయితే, నువ్వు ఎలా ఉన్నావు?"

అన్ని నెలల్లో ఆవిడ ఆ ప్రశ్న నన్ను అడగడం అదే మొదలు. బాగున్నానని చెప్పబోయి, ఆవిడ పక్కన కూర్చున్నాను.

ఆ తరువాతి శుక్రవారం స్టీలు డబ్బాలో పులుసు తీసుకెళ్ళి, తలకాయను ఆవిడ పళ్ళెంలో పెట్టాను. ఎలా తినాలో చూపిస్తే నేర్చుకుంది, కారానికి మూడు గ్లాసుల నీళ్ళు తాగింది, కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నా వదల్లేదు. పిల్లికూన ఆవిడ దగ్గరే పెరిగింది. దానికి అవ్వ అనే పేరు పెట్టుకోవచ్చా అని నన్ను అడిగి మరీ పెట్టుకుంది. నేను తిరిగి వచ్చాక నాలుగైదేళ్ళు ఉత్తరాలు నడిచాయి, ప్రతి ఉత్తరంలో అవ్వ క్షేమమని ఒక ముక్క ఉండేది. ఆ పైన ఉత్తరాలు ఆగిపోయాయి. ఎందుకాగాయో ఊహించగలను.

ఇప్పుడు నా భార్య పోయి రెండేళ్ళు. మా అమ్మాయి దగ్గర్లోని యాప్రాల్‌లోనే ఉంటుంది, వీలైన ఆదివారం పిల్లల్ని తీసుకుని వస్తుంది, పిల్లలకు ముల్లున్న చేప భయం. శామీర్‌పేట చెరువు గట్టు మీదికి సెలవు రోజుల్లో కార్లు వస్తాయి, ఫోటోలు దిగి వెళ్తారు. మేడ్చల్లో అమ్మే చేప ఎక్కడో కోస్తా చెరువుల్లో పెరిగి ఐసు పెట్టెల్లో వస్తుంది. ఫోను జేబులోనే ఉంది, ఎవరితోనైనా క్షణంలో మాట్లాడవచ్చు, ఉదయం లేచేసరికి నలభై మంది శుభోదయం అని పువ్వుల బొమ్మలు పంపిస్తారు. ఎలా ఉన్నావని ఆగి అడిగేవాళ్ళు మాత్రం నాకు తెలిసి లేరు. నేనూ ఎవరినీ అడగడం లేదు, ఆ మాట కూడా ఒప్పుకోవాలి. ఇంటికి పెద్దను నేనే, తలకాయ నాదే, అందులో ఎవరికీ పేచీ లేదు. కంచంలో పెట్టుకునేది కూడా నేనే.

చేపలావిడ తలకాయను రెండు చెక్కలు చేసి కవర్లో వేసి, ఇంకా జవాబు కోసం నా మొహంలోకి చూస్తోంది. నిజం చెప్పడం ఎంత మేలో ఒకసారి తెలుసుకున్నవాణ్ణి, ఈ వయసులో మళ్ళీ అబద్ధం ఆడకూడదు.

ఉన్నదమ్మా, ముసలిది అన్నాను. వచ్చే ఆదివారం అది ఎలా ఉందని ఈవిడ కూడా అడుగుతుంది.