గోడవైపు తిప్పిన బొమ్మలు

రాత్రి ఏడూ ఇరవైకి కామారెడ్డి బస్సు నన్ను ఎల్లారెడ్డి స్టాండులో దించింది. అంతవరకూ మామూలే. ఆ తర్వాత జరిగింది మాత్రం... నమ్మమని ఎవరినీ అడగను. నా కళ్లతో చూశాను. అంతే చెప్పగలను.

మా తమ్ముడు నరేశ్ పోయి అప్పటికి రెండు నెలలు. పొద్దున పనికని బయల్దేరినవాడు, దారిలోనే గుండె ఆగి పోయాడు. మరదలు కవిత ఆ ఇంట్లో ఒక్కతే ఉంటోంది. నాతో కామారెడ్డికి తీసుకుపోదామని వచ్చాను. తనూ ఒప్పుకుంది. మర్నాడే ప్రయాణం.

నరేశ్‌కు సినిమా పాత్రల బొమ్మలంటే పిచ్చి. జానెడున్నర ఎత్తుంటాయి. తెప్పించిన బొమ్మను ఉన్నదున్నట్టు ఉంచేవాడు కాదు. ముఖం రంగు గీకి, మళ్లీ వేసేవాడు. చెంప మీద గాటు, గోళ్లలో మురికి, కళ్ల కింద అలసట... బట్టలు మాత్రం కవితే కుట్టాలి.

“ఆయన అంగీకి గుండీ ఊడితె నెల రోజులు అట్లనే తిరుగుతడు వదినా. విలన్ అంగీకి ఊడితె మాత్రం రాత్రికి రాత్రే కుట్టాలె,” అని నవ్వేది.

అద్దాల అలమారాలో పెట్టేటప్పుడు వాడికొక పట్టింపు. ఒక్కొక్క మెడా తిప్పి, అన్నిటి చూపూ వీధి తలుపు మీద పడేలా నిలబెట్టేవాడు. “ఇంటికొచ్చిన మనిషిని చూడాలె అక్కా. లేకుంటె అవి ఉత్త ప్లాస్టికే,” అనేవాడు.

వాడు పోయాక ఆ చూపులను కవిత భరించలేకపోయింది. అన్నిటినీ గోడవైపు తిప్పేసింది.

ఆ రాత్రి అలమారా ఉన్న ముందు గదిలోనే చాపలు పరుచుకున్నాం. తలుపు గడియ నేనే పెట్టాను. లైటు తీశాం.

నిద్ర పట్టలేదు. దూరంగా ఏదో ట్రాక్టరు... కాసేపటికి అదీ ఆగింది. అప్పుడు...

టిక్.

బల్లి అనుకున్నాను. మళ్లీ... టిక్. ఆ చప్పుడు నాకు తెలుసు. బొమ్మ మెడ తిప్పితే కీలు చేసే చప్పుడు. వాడి పక్కన కూర్చుని ఎన్నిసార్లు విన్నానో.

టిక్...

ఫోను లైటు వేశాను. అలమారా అద్దం మూసే ఉంది. లోపల వరుసగా వీపులు. వీపులు... వీపులు... చివర ఒక ముఖం.

నరేశ్ ఆఖరుగా చేసిన ముసలి పోలీసు బొమ్మ. ఒళ్లు గోడవైపే ఉంది. తల మాత్రం భుజం మీదుగా ఇటు తిరిగింది. నన్ను చూడటం లేదు. తలుపును చూస్తోంది.

కవిత ఎప్పుడు లేచిందో, నా వెనక నిలబడి ఉంది.

“నువ్వు తిప్పినవా వదినా?”

“లేదు బిడ్డా... నువ్వు?”

తల అడ్డంగా ఊపింది. భయపడుతుందేమోనని చెయ్యి చాచాను. ఆమె నన్ను దాటిపోయి గడియ తీసింది.

“ఏంజేస్తున్నవే?”

“ఏమో వదినా... వచ్చిండేమో. బయట నిలబడ్డడేమో.”

బయట ఎవరూ లేరు. వీధి దీపం కింద కుక్క పడుకుని ఉంది. అది మొరగలేదు, లేవలేదు. కవిత గడప మీద కూర్చుంది. తెల్లారేదాకా అలాగే ఉంది.

పొద్దున సంచి తెచ్చి ముందు పెట్టాను.

“నేను రాను వదినా. వచ్చేసరికి తాళమేసి ఉంటె ఏమనుకుంటడు?”

ఎండలకు ప్లాస్టిక్ మెత్తబడి మెడ జారిందేమో. తల అమర్చేటప్పుడు వాడు దాన్ని వేడి చేసేవాడు, కీలు సరిగా బిగియలేదేమో. కావచ్చు. కానీ జారిన తల కిందికి వాలాలి కదా... తలుపువైపు తిరుగుతుందా? నాకు తెలియదు. ఎన్నిసార్లు ఆలోచించినా తెలియలేదు.

నేనొక్కదాన్నే బస్సెక్కాను. కవిత అక్కడే ఉంది. రాత్రిపూట తలుపుకు గడియ పెట్టడం లేదు.