మద్దిలేటి చెప్పిన ఒక్క పాఠం

మద్దిలేటి లాంటి తిక్కోన్ని నేను యాడా చూళ్ళేదు. బీయస్సీ, బీఎడ్డు చదివినోడు. ఎనిమిదేండ్లు ఆళ్లగడ్డలో ఒక ట్యుటోరియల్లో సైన్సు చెప్పినాడు. ఆడ ల్యాబంటే నల్లబల్లే. దానిమీద గాజు నాళిక గీసేది, అందులో బుడగలు గీసేది, పిల్లోళ్ళు చూసి గీసుకునేది. ఒక్కసారన్నా నిజం యాసిడ్ చేతబట్టి పాఠం చెప్పల్లని వాని పిచ్చి. ఎనభై నాలుగులో ఆ ట్యుటోరియల్ కూడా మూతబడింది. ఇంగ వానికి మిగిలింది బేతంచెర్లలో వాళ్ళ నాయన తిరుపాలు పనిచేసే బండల పాలిష్ మిషనే.

నాదీ ఆళ్లగడ్డే. గురుస్వామి అంటారు. అప్పటికి ఆరేండ్లుగా హైదరాబాదులో ఒక ఇంగ్లీషు మీడియం బళ్ళో సైన్సు చెప్తాంటి. చెప్తాంటి అనడానికి నాకే సిగ్గు, నోట్సు చదివి రాయించేవాన్ని. మా కరస్పాండెంటు అబ్బో, పెద్ద దొర! చదువు ముక్క తెలీదు గానీ గంటకొకసారి టై సర్దుకుంటాడు. ల్యాబుకు ఎప్పుడూ తాళమే. అడ్మిషన్లప్పుడు తల్లిదండ్రులకు తెరిచి, గాజు సీసాలు చూపించి, మళ్ళా తాళమేస్తాడు. కింద పరిచిన నల్లబండలు చూపించి "గ్రానైటండీ, మొత్తం గ్రానైట్" అని కోతలు. అవి మా బేతంచెర్ల బండలని మొదటిదినమే నాకు తెలుసు. తెలిసీ నోరు మూసుకోని బతికినా.

ఇంకో సైన్సు మాస్టరు కావల్లంటే మద్దిలేటికి కార్డు రాస్తి. అరువు టై జేబులో పెట్టుకోని నంద్యాల బస్సులో దిగినాడు.

"రేయ్ అప్పా, ఇంగ్లీషులో నాలుగు ముక్కలు చదివి కూర్చో. నీ తెలివంతా ఆళ్లగడ్డలోనే పెట్టు" అని మరీమరీ చెప్పినా.

"సరేలే అన్నా. ల్యాబు ఉందా?" అన్నాడు.

డెమో క్లాసు ఎనిమిదో తరగతికి, ల్యాబులోనే పెట్టినారు. వెనక కుర్చీలో కరస్పాండెంటు, పక్కన నేను. సున్నపురాయి మీద యాసిడ్ పడితే ఏమైతుందనేది పాఠం. యాసిడ్ సీసా ఉంది, రాయి ముక్కే లేదు. అల్మరాలన్నీ వెతికి వెతికి, వాడు కిందికి చూసినాడు. మొగం వెలిగిపాయ.

"రాయి కోసం యాడికో పోవల్లనా? కాళ్ళ కిందే ఉంది కదా! రండి, చుట్టూ నిలబడండి. ఇది మా బేతంచెర్ల బండ. మా నాయన పాలిష్ పట్టేది ఇదే. అంతా సున్నపురాయే."

మూలన నాలుగు చుక్కలు పోసినాడు. బుస్సుమని నురగ లేచింది. పిల్లోళ్ళు ఒకటే కేకలు, చప్పట్లు. నిజం చెప్తాండా, ఆ బళ్ళో సైన్సు పాఠం జరగడం నేను చూసింది ఆ ఒక్కదినమే.

కరస్పాండెంటు మొగం మాడిపాయ. "గ్రానైట్ మీద యాసిడ్ పోస్తావా?"

"గ్రానైటయితే పొంగదు సార్" అన్నాడు మద్దిలేటి, మర్యాదగానే. ఎవరడిగినారప్పా వాన్ని!

కరస్పాండెంటు నా దిక్కు తిరిగినాడు. "గురుస్వామి గారూ, మీరూ అటువైపు వాళ్ళేగా. చెప్పండి, ఇదేం రాయి?"

మద్దిలేటి నన్ను చూసి నవ్వినాడు. అన్న ఉండాడు, చెప్తాడని ధైర్యం.

"గ్రానైటే సార్" అంటి.

వాడు సీసాకు మూత గట్టిగా బిగించి, సంచి తీసుకోని బయటికి నడిచిపాయ. వారం తిరక్కుండానే పాలిష్ మిషన్ దగ్గర పనికి చేరినాడంట. తిక్కోడు, పెద్ద తిక్కోడు అని చానాదినాలు తిట్టుకుంటి. వాన్ని తిట్టుకుంటే నాకు కొంచెం నిద్ర పట్టేది.

డెమో అయిన మరుసటి దినమే అదే తరగతికి పోతే, ముందు బెంచీలో అహల్య అనే పిల్ల లేచి నిలబడింది.

"సార్, గ్రానైటయితే మరి నురగ ఎందుకొచ్చింది?"

"అది పరీక్షకు రాదులే, కూర్చో" అంటి.