రెండో తుమ్ము

ఆ రోజుల్లో నాకు రెండు గట్టి నమ్మకాలుండేవి: లోకంలో నేను లొంగదీయలేని యంత్రం లేదని, ఒంటి తుమ్ముతో మొదలైన పని గట్టెక్కదని. ఈ రెండూ ఎదురుపడనంతకాలం ఎవరికీ నష్టం లేకపోయింది. న్యూజెర్సీలో ఒక మందుల ల్యాబ్‌లో చేరిన కొత్తలో, ఒకే ఉదయం రెండూ ఢీకొన్నాయి.

ల్యాబ్‌లో ఒక యంత్రం ఉండేది. మేం దాన్ని ‘కొంగ’ అనేవాళ్లం. పక్కనున్న గాజు పాత్రలో మందు సరైన పాకానికి రాగానే పాత్రకున్న పెట్టె ‘కీక్’ మంటుంది. ఆ సంకేతం అందగానే కొంగ తన సూది ముక్కు ముంచి, ఒక చుక్క తీసి, వరుసలో ఉన్న సీసాలో వదలాలి. మనిషి కాపలా అక్కర్లేదు. చిక్కల్లా, పెట్టెనీ కొంగనీ కలపాల్సిన కేబుల్ ఇంకా రాలేదు. వచ్చేదాకా ఆగితే నా తెలివేం కాను? కొంగ మెడకి ఓ చిన్న మైకు కట్టాను. (కీక్ నీరసంగా ఉందని ఆ మైకుని ఎంత పదును పెట్టానంటే, మామూలు మాటల్ని పట్టించుకోదు గానీ, పార్కింగ్ లాట్‌లో ఉడుత గింజ కొరికినా ఉలిక్కిపడేది.) దాని పనితనం చూడ్డానికి మా మేనేజరమ్మ స్వయంగా వస్తోంది. నచ్చితే నా హెచ్‌వన్ వీసాకి అప్లై చేస్తుంది, లేదంటే నేను సూట్‌కేస్ సర్దుకోవాలి.

ఆవిడ తలుపు తీసిందో లేదో, నా రూమ్మేటూ కొలీగూ అయిన వరంగల్ అన్న తుమ్మాడు. వసంతకాలపు పుప్పొడికీ ఆయన ముక్కుకీ పాతపగ. కిటికీలు అదిరాయి. కానీ ఒక్కటే తుమ్ము! వెనకాల కొంగ ముంచిన చప్పుడైంది గానీ, నా కళ్లు అన్న ముక్కు మీదే ఉన్నాయి.

“అన్నా, ఇంకోటి తుమ్ము,” గుసగుసగా బతిమాలాను.

“ఏందిర? తుమ్ములు ఆర్డరిస్తే వస్తయా?”

“నా వీసా అన్నా! ఒక్కటే అయితే మంచిది కాదు.”

“ఇంత సదువు సదివినవ్, సిగ్గు లేదార నీకు,” అంటూనే ఆ మహానుభావుడు టిష్యూ మెలిపెట్టి ముక్కులో దూర్చుకున్నాడు.

రెండోది వచ్చింది. దాని వెనకే ఊరేగింపులా మిగతావీ వచ్చాయి. అన్న తుమ్ముతాడు, మేనేజరమ్మ “బ్లెస్ యూ” అంటుంది, కొంగ ముంచుతుంది. తుమ్ము, దీవెన, చుక్క. సీసాలన్నీ నిండిపోయాక అప్పుడు, తీరిగ్గా, పెట్టె ‘కీక్’ మంది. చుక్క వదలడానికి ఖాళీ సీసా లేక కొంగ కదల్లేదు.

“అంటే,” అంది మేనేజరమ్మ, “వినాల్సిన ఒక్కటి తప్ప అన్నీ విన్నదన్నమాట.”

“మేడమ్, ప్రాబ్లమ్ నా ముక్కుది, వీడి మెషీన్‌ది కాదు,” అన్నాడు అన్న, టమాటాలాంటి ముక్కుతో.

“మరి ఆ ముక్కులో కాగితం ఎందుకు?”

ఇక దాచి లాభం లేదు. ఒంటి తుమ్ము శాస్త్రం మొత్తం విప్పి చెప్పాను. ఆవిడ కళ్లద్దాలు తీసి కళ్లు తుడుచుకునేంతగా నవ్వింది. “ఒక్క తుమ్ము కూడా వదల్లేదు, చెవులు మంచివే. కేబుల్ వేసి చూపించు, పేపర్‌వర్క్ సంగతి అప్పుడు చూద్దాం.”

కేబుల్ వచ్చింది. రెండోసారి మేనేజరమ్మ గుమ్మంలోనే ఆగి, అన్న వైపు తిరిగి, “ముందు ఆ రెండూ కానిచ్చెయ్, నేను ఆగుతాను,” అంది. నా వీసా కాగితాలు ఆ గుమ్మంలోంచే కదిలాయనుకోండి.

ఇప్పుడు మా ల్యాబ్‌లో కొంగలన్నీ తీగలతోనే మాట్లాడుకుంటాయి, ఎవరు తుమ్మినా తల తిప్పవు. జుట్టు నెరిసిన నేను మాత్రం ఒక తుమ్ము రాగానే ఎక్కడివాణ్ని అక్కడ ఆగిపోతాను. వేరే ఊళ్లో ఉన్న అన్న ఇప్పటికీ ఫోన్ చేసి, హలో అనేముందు తుమ్ముతాడు. లెక్క తప్పకుండా, రెండుసార్లు.